మూతి వంకర సర్దుకుంది, ఇక భయం లేదా?

"మా నాన్నకి పొద్దున మూతి వంకర పోయింది, చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది, అరగంటలో అంతా మామూలైపోయింది. ఇక భయం లేదు కదా?" అని ఒకావిడ అడిగారు. ఉందండీ. దీన్నే మినీ స్ట్రోక్ అంటారు, అంటే వచ్చి కాసేపట్లో పోయే చిన్న పక్షవాతం. పెద్ద పక్షవాతం వచ్చే ప్రమాదం ఆ తర్వాత రెండు రోజుల్లోనే అన్నిటికన్నా ఎక్కువ, కాబట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

లోపల జరిగేది చెప్పాలంటే నాకు పొలం కాలువే గుర్తొస్తుంది. పిల్లకాలువలో మట్టిపెళ్ళ అడ్డం పడితే దాని కింది మడి ఎండిపోతుంది. చుట్టుపక్కల మళ్ళకి మాత్రం వేరే కాలువ ఊట కొంచెం అందుతుంది, పైరు వాడి తల వేలాడేస్తుంది గానీ చావదు. మెదడులోనూ అంతే, రక్తనాళంలో నెత్తురు గడ్డ అడ్డం పడుతుంది. 100 గ్రాముల మెదడుకి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి, 20 కన్నా తగ్గితే కణాలు పని మానేస్తాయి, 10 కన్నా తగ్గితే నిమిషాల్లో చచ్చిపోతాయి. ఆ 10కీ 20కీ మధ్య వాడిపోయి ఉన్న మడి కోసమే ఈ హడావుడంతా! పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు నరాల కణాలు, పోతాయని 2006లో లెక్క కట్టారు.

గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపు పడాలి, అదీ సీటీ స్కాన్ తీశాకే. ఎందుకంటే లోపల అడ్డం పడిందో, గట్టు తెగి గండి పడిందో, అంటే రక్తనాళం చిట్లిందో, పైకి ఒకేలా కనిపిస్తుంది, గండి పడ్డచోట ఆ మందు ఇస్తే ఇంకా కోసుకుపోతుంది. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ మింగించొద్దు. మంచినీళ్ళు కూడా పట్టొద్దు, పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. పావురం రక్తం పూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాడిన పైరు తేరుకున్నట్టు కొందరికి దానంతటదే కొంత నయమవుతుంది, పేరేమో పావురానికి.

గట్టుని ఏళ్ల తరబడి కోసేది బీపీ. "తలనొప్పేం లేదుగా" అని మాత్ర మానేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. షుగరు, సిగరెట్టు కాలువలో పూడిక పెంచుతాయి. గుండె లయ తప్పి పై గది సరిగా ముడుచుకోకపోతే, నిలవ నీళ్ళలో నాచు ముద్దకట్టినట్టు అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి కొట్టుకొస్తుంది, ఇలాంటివాళ్ళకి ప్రమాదం దాదాపు 5 రెట్లు.

నవ్వమంటే మూతి ఒకపక్కకి పోయినా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఉన్నట్టుండి చూపు తగ్గినా 108కి ఫోన్ చేయండి, ఆ టైమ్ ఎంతో గడియారం కూడా చూసుకోండి. నిద్ర లేచేసరికే అలా ఉంటే డాక్టరుకి చెప్పాల్సింది లేచిన టైమ్ కాదు, రాత్రి చివరిసారి బాగా ఉండగా చూసిన టైమ్.