జూదంపై సలహాదారులు: ఖర్చు పెట్టేదెవరు, మాట నెగ్గేదెవరిది?

బెట్టింగ్ యాప్‌ల గొడవ మళ్లీ రాజుకుంది. ఈసారి చర్చ ప్రభుత్వానికి సలహా చెప్పేవాళ్ల మీదికి మళ్లింది. రమ్మీ నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత వాదన, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనన్న 1968 నాటి సుప్రీంకోర్టు తీర్పు అందరికీ తెలిసినవే.

2017లో తెలంగాణ ఆర్డినెన్స్ తెచ్చి ఆన్‌లైన్ రమ్మీనీ జూదం లెక్కలోనే వేసింది. ఆట ఆగిందా అంటే, ఫేక్ లొకేషన్ పెట్టుకోవడం పాలమూరు కుర్రాళ్లకు నిమిషం పని. అదీ చేతకాకపోతే మక్తల్ దాటి కృష్ణా వంతెన మీదుగా రాయచూరు వైపు వెళ్తే చాలు, అదే ఫోన్‌లో అదే టేబుల్ తెరుచుకునేది. కర్ణాటక నిషేధాన్ని అక్కడి హైకోర్టు 2022లోనే కొట్టేసింది మరి. నల్గొండ వాళ్లకు ఆ వీలూ లేకపోయింది. వాడపల్లి దాటితే ఆంధ్ర, అక్కడ 2020 నుంచి నిషేధమే.

రాష్ట్రానికో రూలు కుదరదని కేంద్రం రంగంలోకి దిగింది. అసలు మలుపు అక్కడే, 2023 ఏప్రిల్ 6న. ఆ రోజు సవరించిన ఐటీ నిబంధనల ప్రకారం, డబ్బు పెట్టి ఆడే ఏ ఆటను అనుమతించాలో స్వీయ నియంత్రణ సంస్థలు తేల్చాల్సి ఉండేది. బోర్డులో మానసిక నిపుణుడు, విద్యావేత్త ఉండాలని, వాళ్లకు సొంత ప్రయోజనాలు ఉండకూడదని బాగానే రాశారు. కానీ ఆ సంస్థలో సభ్యులు గేమింగ్ కంపెనీలే. పేకాట క్లబ్బు వాళ్లనే పంచాయితీ పెద్దలుగా కూర్చోబెట్టినట్టు. కంపెనీల సంఘాలు దరఖాస్తులు పెట్టుకున్నాయి, కేంద్రం ఒక్కదాన్నీ గుర్తించలేదు.

అంతకు ముందు ఏడాదే తమిళనాడు ఇంకో దారి పట్టింది, సలహా కోసం నలుగురితో కమిటీ వేసింది. రిటైర్డ్ జడ్జి జస్టిస్ చంద్రు, ఆత్మహత్యల నివారణలో పనిచేసిన మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్, ఐఐటీ నిపుణుడు, పోలీసు అధికారి. కంపెనీల మనిషి లేడు. 2022 జూన్‌లో వేసిన కమిటీ అదే నెలలో నివేదిక ఇచ్చింది. హడావిడి పని అన్నవాళ్లున్నారు. ఆ తర్వాత వచ్చిన నిషేధ చట్టంపై కంపెనీలు కోర్టుకెళ్తే, 2023 నవంబరులో మద్రాసు హైకోర్టు రమ్మీ, పోకర్ వరకు వాళ్ల పక్షానే నిలిచింది. నిషేధిస్తే జనం విదేశీ సైట్లకు పోతారన్నది కంపెనీల మాట. అందులో నిజం లేకపోలేదు.

బ్రిటన్‌లోనూ జూద వ్యసనంపై పరిశోధనకు, చికిత్సకు చాలా ఏళ్లు కంపెనీలు ఇష్టపడి ఇచ్చే విరాళాలే ఆధారం. ఇచ్చేవాడిని నొప్పించే నివేదిక ఎవరు రాస్తారన్న విమర్శ గట్టిపడ్డాక, 2025 ఏప్రిల్ నుంచి దాన్ని తప్పనిసరి లెవీగా మార్చారు.

మన దగ్గర 2025 మార్చిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలో సిట్ ప్రకటించారు. అది పోలీసుల బృందం. కేసులు తవ్వుతుందే గానీ, అప్పుల యాప్‌లకు చిక్కి ఆట మానలేకపోతున్న వాడికి ఏం కావాలో చెప్పడం దాని పని కాదు. ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. దానిపై వేర్వేరు హైకోర్టుల్లో పడ్డ పిటిషన్లను సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది. ఏది డబ్బు ఆట, ఏది కాదు అని తేల్చే బాధ్యతను కొత్త చట్టం ఒక అథారిటీకి అప్పగించింది. 2023లో కంపెనీల సంఘాలు దరఖాస్తు పెట్టుకున్నది దాదాపు ఈ పని కోసమే.