గ్లాసులో కూలిన గోడలు

ఒకరోజు పొద్దున్నే నారింజ పండ్లు పిండి, సగం అప్పటికప్పుడు తాగేసి, మిగతా సగం సీసాలో పోసి పెట్టుకున్నాను. తాగిన సగం అమృతంలా ఉంది. మూడు నాలుగు గంటల తర్వాత సీసా మూత తీసి నోట్లో పోసుకుంటే చేదు. పాడైపోయిందేమో అనుకుంటే వాసన బాగానే ఉంది. సీసా సరిగ్గా కడగలేదని ఇంట్లోవాళ్ల మీద విసుక్కున్నాను కూడా. తప్పు సీసాది కాదు, ఇంట్లోవాళ్లది అసలే కాదు. నేను పండు పిండిన క్షణంలోనే ఆ చేదుకు పునాది పడింది.

పండును మనం నీళ్ల సంచిలా చూస్తాం గానీ, నిజానికి అది లెక్కలేనన్ని గదులున్న ఇల్లు. ప్రతి కణం చుట్టూ సెల్యులోజ్ అనే నార, పెక్టిన్ అనే జిగురుతో కట్టిన గోడ ఉంటుంది. లోపల పల్చటి పొరలతో వేరుచేసిన అరలుంటాయి. వాటిలో పెద్దది రిక్తిక. కణంలో 90 శాతం దాకా జాగా అదే ఆక్రమించుకోగలదు. మనం రసం అని పిలుచుకునేది చాలావరకు ఈ రిక్తికలో ఉన్న నీరే. చక్కెరలు, పులుపునిచ్చే ఆమ్లాలు, బీట్‌రూట్ ఎరుపు లాంటి రంగులు అందులోనే కరిగి ఉంటాయి. రసాయన మార్పులను వేగంగా జరిపించే ఎంజైమ్‌లు చాలావరకు వేరే అరల్లో, గోడల్లో ఉంటాయి. ఒకదానికొకటి తగిలితే గొడవ జరిగే పదార్థాలను మొక్క ఇలా విడివిడిగా దాచుకుంటుంది. మిక్సీ వేసినా, జ్యూసర్ తిప్పినా, గుప్పిట్లో పిండినా మనం చేసేది ఆ గోడల్ని పడగొట్టడమే.

నారింజ తొనల పొరల్లో ఒక పదార్థం ఉంటుంది. దానికి చేదు లేదు. పండు లోపల ఉన్నంతకాలం అది పుల్లటి రసానికి దూరంగా ఉంటుంది. పిండగానే పులుపులో పడి, మెల్లమెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. లీటరు రసంలో 6 మిల్లీగ్రాముల పాటి ఉన్నా నాలుక పసిగట్టేస్తుంది. నా సీసాలో జరిగింది ఇదే. గింజల్లో లిమోనిన్ ముందే దండిగా ఉంటుంది కాబట్టి నారింజను గింజలతో సహా మిక్సీలో వేస్తే ఆ మూడు గంటలు కూడా ఆగక్కర్లేదు. నిమ్మజాతి పండ్లను చేత్తో, మరీ కసిగా కాకుండా పిండుకుని వెంటనే తాగడమే మేలు.

ఆపిల్ జ్యూస్ కథ వేరు. ఇక్కడ పోయేది రంగు. వగరునిచ్చే ఫినాల్ జాతి పదార్థాలు రిక్తికలో ఉంటాయి, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటుంది. బ్లేడు తిరగ్గానే రెండూ కలుస్తాయి. జార్‌లో గిర్రున తిరిగే గాలి కావలసినంత ఆక్సిజన్ ఇస్తుంది. నిమిషాల్లో రసం గోధుమరంగుకు తిరుగుతుంది. మొక్కకు ఇది ఆత్మరక్షణ. పురుగు కొరికిన చోట ఈ గోధుమరంగు పదార్థాలు పుట్టి దాడిని అడ్డుకుంటాయి. మన మిక్సీ దానికి మహా పెద్ద పురుగులా కనిపిస్తుంది కాబోలు.

నిమ్మరసం వేస్తే రంగు నిలుస్తుందని తెలిసినవాళ్లలో కూడా చాలామంది దాన్ని చివర్లో వేస్తారు. అప్పటికే ఏర్పడిన గోధుమరంగును నిమ్మరసం పెద్దగా వెనక్కి తీసుకురాలేదు. ముక్కలకన్నా ముందే జార్ అడుగున పోయాలి. దాని పులుపు ఎంజైమ్‌ను మందగింపజేస్తుంది. అందులోని విటమిన్ సి, రంగుకు తొలిమెట్టయిన క్వినోన్‌లను పుట్టినవి పుట్టినట్టే పాత రూపానికి తిప్పి పంపుతుంది. ఆ పనిలో తను ఖర్చయిపోతుంది. ఖర్చయ్యాక మళ్లీ రంగు మొదలవుతుంది.

విటమిన్ సిని కనిపెట్టిన దారి కూడా ఈ గోధుమరంగు మీదుగానే సాగింది. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గి 1920లలో, కొన్ని మొక్కలు దెబ్బ తగిలితే ఎందుకు రంగు మారతాయి, నిమ్మజాతి ఎందుకు మారదు అని తరచి చూశాడు. నిమ్మజాతి రసంలో రంగును ఆలస్యం చేసేదేదో ఉందని గమనించాడు. తర్వాత దాన్ని పాప్రికా మిరప నుంచి పెద్ద మొత్తంలో వేరుచేశాడు. అదే విటమిన్ సి. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అంతకు చాలా ముందు, 1747లో, జేమ్స్ లిండ్ అనే నౌకావైద్యుడు స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) పట్టిన 12 మంది నావికులను ఇద్దరిద్దరిగా విడదీసి ఆరు రకాల చికిత్సలు చేసి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరూ వారం తిరక్కముందే తేరుకున్నారు. అంత చక్కటి ప్రయోగం చేసిన మనిషి ఆ తర్వాత పప్పులో కాలేశాడు. పండ్లు ఓడలో నిలవుండవు కాబట్టి రసాన్ని గంటల తరబడి కాచి, చిక్కబరిచి దాచుకోమన్నాడు. ఆ కాపులో విటమిన్ సి చాలావరకు పోతుంది. చూడ్డానికి రసమే, పనిచేయడానికి అందులో పెద్దగా ఏమీ మిగల్లేదు. విటమిన్ సికి వేడి ఒక శత్రువైతే రాగి ఇంకోటి. రాగి తగిలితే అది గాలితో కలిసి త్వరగా నశిస్తుంది. పుల్లటి రసం రాగి, ఇత్తడి పాత్రల్లో పోయకూడదనడానికి ఇదొక కారణం. ఆమ్లానికి లోహం కరిగి రసంలోకి దిగడం అంతకన్నా పెద్ద కారణం. స్టీలుకు, గాజుకు ఈ బాధ లేదు.

ఇక జ్యూసర్ల గొడవ. నిమిషానికి వేల చుట్లు తిరిగేవి ఒక రకం, వందలోపు తిరుగుతూ నలిపి పిండేవి ఇంకో రకం. వేగంగా తిరిగేవి వేడెక్కి ఎంజైమ్‌లను చంపేస్తాయని, నెమ్మదివి వాటిని కాపాడతాయని చెబుతుంటారు. నాకు ఈ వాదన మింగుడుపడదు. ఆ కాసేపట్లో రసం వేడెక్కేది కొద్ది డిగ్రీలే. పైగా పండులోని ఎంజైమ్‌లు ప్రోటీన్లు. అవి మన కడుపులో మిగతా ప్రోటీన్లలాగే చాలావరకు అరిగిపోతాయి. పైన ఆపిల్ రసం రంగు మారిన గొడవ ఎంజైమ్‌లు బతికి ఉండబట్టే కదా, వాటిని కాపాడుకోవాలన్న ఆరాటం ఎందుకో అర్థం కాదు. నెమ్మది యంత్రంతో లాభం లేకపోలేదు. గాలి తక్కువ కలుస్తుంది, నురగ తక్కువ, ఆకుకూరల నుంచి రసం బాగా దిగుతుంది. ఆ లాభానికి ఎంత డబ్బు పెట్టాలన్నది ఎవరి లెక్క వాళ్లది. మిక్సీ, పలుచటి గుడ్డ ఉన్నవాళ్లు దిగులుపడాల్సిన పనిలేదు.

టమాటాలో గోడ కూలడం ఇంకో రకంగా కనిపిస్తుంది. చల్లగా రుబ్బి పెడితే కాసేపటికి పైన నీళ్లు, కింద గుజ్జుగా విడిపోతుంది. గోడల్లోని పెక్టిన్‌ను టమాటా సొంత ఎంజైమ్‌లే కోసి పారేస్తాయి. చిక్కదనం ఆ పెక్టిన్‌దే. ఫ్యాక్టరీల్లో చిక్కటి రసం కావాలంటే టమాటాలను నలుపుతూనే 90 డిగ్రీల దాకా వేడిచేసి ఎంజైమ్‌లను అణిచేస్తారు. ఇంట్లోనూ చేయొచ్చు. ముందు రుబ్బి తర్వాత కాచడం కాకుండా, ముక్కల్ని కొద్దికొద్దిగా వేడి గిన్నెలో వేస్తూ అక్కడే మెదిపి, చల్లారాక వడకట్టుకోవాలి. నారింజ రసం పైన తేట తేరడానికి కారణం కూడా పెక్టిన్ మీద పనిచేసే ఎంజైమే. అది పాడైన గుర్తు కాదు, కలుపుకుని తాగొచ్చు.

బీట్‌రూట్ జ్యూస్ మట్టి వాసన వస్తుందని ముక్కు మూసుకునేవాళ్లకు ఒక మాట. అది నిజంగా మట్టి వాసనే. తొలకరి చినుకులకు నేల నుంచి లేచే వాసనలో ఉండే జియోస్మిన్ బీట్‌రూట్‌లోనూ ఉంటుంది. మన ముక్కు దాన్ని నమ్మలేనంత తక్కువ మోతాదులో పట్టేస్తుంది. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగి వాసన తగ్గుతుంది. నిమ్మరసం పిండి కాసేపు ఆగితే చాలు. తాగాక మూత్రం ఎర్రబడితే టెన్షన్ పడొద్దు, కొంతమందిలో ఆ రంగు అలాగే బయటికొస్తుంది.

పైనాపిల్ పచ్చి రసాన్ని పాలలో కలిపి పెట్టకూడదు. అందులోని బ్రోమెలైన్ అనే ఎంజైమ్ పాల ప్రోటీన్లను కోసి విరగ్గొట్టి చేదు తెస్తుంది. కాచిన పైనాపిల్‌తో ఈ ఇబ్బంది ఉండదు.

నిలవ దగ్గర మాత్రం నేను మొండిగా ఉంటాను. పండు తొక్క మీద సూక్ష్మజీవులుంటే అవి ఆ తొక్కకే పరిమితం. జ్యూస్ చేస్తే ఒక్క పండు మీదున్నవి సీసా మొత్తానికి పాకుతాయి, పైగా వాటి ముందు విడిచిన చక్కెర విందు. అందుకే తొక్క తీసే పండునైనా ముందు కడగాలి. 1996లో అమెరికాలో, వేడిచేయకుండా అమ్మిన ఆపిల్ జ్యూస్‌లో ప్రమాదకరమైన ఇ.కోలి బ్యాక్టీరియా రకం ఉండి చాలామంది జబ్బుపడ్డారు, ఒక పసిబిడ్డ చనిపోయింది. క్యారెట్ జ్యూస్‌ది ఇంకా సున్నితమైన వ్యవహారం. దానికి పులుపు లేదు, పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలత) 6 దగ్గర ఉంటుంది. పీహెచ్ 4.6 దాటి, గాలి అందని చోట బాటులిజం బ్యాక్టీరియా పెరిగి విషం చేయగలదు. 2006లో అమెరికా, కెనడాల్లో సీసా క్యారెట్ జ్యూస్ తాగినవాళ్లు కొందరు ఇలాగే బాటులిజం పాలయ్యారు. పులుపు లేని కూరగాయల రసాన్ని ఫ్రిజ్‌లోనే పెట్టి, ఆ రోజే తాగెయ్యాలి.

ద్రాక్షరసాన్ని నిలవ చేసి చూపించినవాడు థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అనే పళ్ల డాక్టర్ (ఆ పళ్లు కాదు, నోట్లో పళ్లు). వేడితో సూక్ష్మజీవులను చంపే పాశ్చర్ పద్ధతిని పట్టుకుని 1869లో సీసాలను వేడిచేసి, రసం పులిసి వైన్ కాకుండా ఆపాడు. చర్చి ప్రార్థనల్లో మత్తులేని ద్రాక్షరసం కావాలన్నది ఆయన కోరిక.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: పండు తింటే మంచిది కదా, దాని రసం తాగితే కాదా? 1977లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం నాకు ఇప్పటికీ ఇష్టం. పదిమందికి ఒకే కొలత పిండిపదార్థం వచ్చేలా ఆపిల్‌ను మూడు రూపాల్లో ఇచ్చారు: పండుగా, గుజ్జుగా, జ్యూస్‌గా. పండు తినడానికి పట్టిన సమయంలో పదకొండో వంతులోనే జ్యూస్ అయిపోయింది. కడుపు నిండిన భావన పండుతో ఎక్కువ, గుజ్జుతో కొంచెం తక్కువ, జ్యూస్‌తో మరీ తక్కువ. రక్తంలో గ్లూకోజ్ మూడింటితోనూ దాదాపు ఒకేలా పెరిగింది. కానీ జ్యూస్ తాగినవాళ్లలో ఆ తర్వాత బాగా కిందికి జారిపోయింది, పండు తిన్నప్పుడు అలా జరగలేదు. ఇన్సులిన్ కూడా పండుతో కన్నా జ్యూస్‌తో, గుజ్జుతో ఎక్కువ పెరిగింది. పదార్థం ఒక్కటే, తేడా అంతా గోడల్లో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో ఈ తేడా లెక్కల్లోకే ఎక్కింది. పండులో కణాల లోపలున్న చక్కెరను అది పరిమితుల్లో కలపదు. అదే పండును పిండితే, ఇంట్లో పిండినా, చెంచాడు పంచదార వేయకపోయినా, ఆ చక్కెర విడి చక్కెర కిందికి వస్తుంది. విడి చక్కెర రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం మించకూడదని, 5 శాతం లోపైతే ఇంకా మంచిదని ఆ సంస్థ చెబుతుంది. రోజుకు 2000 కేలరీలు తినేవాళ్లకు అవి 50 గ్రాములు, 25 గ్రాములు. 250 మిల్లీలీటర్ల నారింజ రసంలోనే 20 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. నేనైతే చిన్న గ్లాసు వాడతాను, కూరగాయలు ఎక్కువ వేసి పండు పేరుకు వేస్తాను. ఏడాది లోపు పిల్లలకు జ్యూస్ వద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017 నుంచి చెబుతోంది.

రుచి చూశాక చేదుగా ఉంటే దోస, సొర లాంటి గుమ్మడిజాతి కాయల రసం ఒక్క గుటక కూడా మింగకూడదు. ఆ చేదు కుకుర్బిటాసిన్‌లది, అది విషం, కాచినా పోదు. మందనుకుని కళ్లు మూసుకుని తాగడం ప్రాణం మీదికి తెస్తుంది. పాలకూర లాంటి ఆకుల రసం రోజూ గ్లాసులకొద్దీ తాగితే అందులోని ఆక్సలేట్ అనే పదార్థం మూత్రపిండాలకు భారమవుతుంది. గ్రేప్‌ఫ్రూట్ అనే నిమ్మజాతి పండు సంగతి అనుకోకుండా బయటపడింది. 1989లో కెనడాలో ఒక రక్తపోటు మందు మీద ఆల్కహాల్ ప్రభావాన్ని పరిశోధిస్తూ, ఆల్కహాల్ రుచి తెలియకుండా దాన్ని గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. రక్తంలో మందు మోతాదు అనుకోనంత పెరిగింది. పేగులో కొన్ని మందులను విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆ రసం ఆపేస్తుందని తర్వాత తేలింది. రోజూ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా దాన్ని ముట్టుకోకూడదు.

రుచికి రెండు మాటలు. బాగా చల్లబడితే నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది. అందుకే ఐసు వేశాక పంచదార చాలలేదనిపిస్తుంది. ఐసు తగ్గించండి, చక్కెర దానంతటదే దొరుకుతుంది. చిటికెడు ఉప్పు చేదును అణిచి, దాని చాటునున్న తీపిని పైకి తెస్తుంది.

తాగేముందే జాలీ కడిగెయ్యడం మా ఇంట్లో నియమం. పెక్టిన్ ఆరితే జిగురులా పట్టేస్తుంది, తర్వాత బ్రష్ పెట్టి గీకాల్సిందే. ప్లాస్టిక్ జార్‌కు పట్టిన క్యారెట్ మరక మాత్రం ఎంత రుద్దినా ఓ పట్టాన వదలదు. ఆ మరక బీటా కెరోటిన్ అనే రంగుది, అది నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. క్యారెట్ జ్యూస్‌తో పాటు కాస్త కొవ్వున్నదేదైనా తింటే అది ఒంటికి బాగా పట్టేది కూడా ఇందుకే. జార్‌కు రెండు చుక్కల వంటనూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు పెట్టి చూడండి.