క్యాంపస్ పరిచర్య: అపోహలు – వాస్తవాలు

కాలేజీ విద్యార్థుల మధ్య క్రైస్తవ సేవ చేసే ఈ పనిలోకి నేను వచ్చిన మొదటి ఏడాది, కాలేజీ తెరిచిన వారంలో పెట్టిన మీటింగ్‌కి 90 మంది వచ్చారు. కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డారు. సంతోషంతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫొటోలు తీసి తెలిసినవాళ్లందరికీ పంపాను. మూడో వారానికి సగం కుర్చీలు ఖాళీ. మొదటి పరీక్షలు అయ్యేసరికి 14 మంది మిగిలారు. అందులో ఇద్దరు గిటార్ వాయించడానికి వచ్చేవాళ్లు.

ఆ ఏడాది తలుచుకుంటే నాకిప్పుడు గుర్తొచ్చేది ఒక్క కుర్రాడు. మీటింగ్ అయ్యాక కుర్చీలు సర్దడానికి ఆగిపోయాడు. అన్నీ సర్దాక, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అన్నా, బైబిల్ ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?" అని అడిగాడు. లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చుని మార్కు సువార్త మొదలుపెట్టాం. వారానికి ఒకసారి, గంట. ఒక్కోసారి నాలుగు వచనాలు దాటేవాళ్లం కాదు. అలా చదువు పూర్తయ్యేదాకా కలిశాం. క్యాంపస్ పరిచర్య అంటే ఏమిటో నాకు ఆ మెట్ల మీదే తెలిసింది. బయటినుంచి చూసేవాళ్లకి, అప్పుడప్పుడు లోపలున్న మాకు కూడా, ఈ పని మీద ఉన్న అపోహలు కొన్ని రాస్తాను.

అపోహ: హాలు నిండితే పరిచర్య ఎదుగుతున్నట్టే.

హాలు నిండడం మంచిదే, కాదనను. కానీ మొదటి వారంలో వచ్చేవాళ్లలో చాలామంది ఇంటిని వదిలి కొత్త చోటికి వచ్చి, తోడు వెతుక్కుంటున్నవాళ్లు. క్రికెట్ జట్టు పిలిచినా వెళ్తారు, నాటకాల బృందం పిలిచినా వెళ్తారు. తోడు దొరికాక మనదగ్గర ఎందుకు ఉండాలో వాళ్లకి తెలియాలి. అది స్టేజి మీదనుంచి చెప్తే తెలిసేది కాదు.

యేసు రాత్రంతా ప్రార్థించి పన్నెండుమందిని ఏర్పరచుకున్నాడని లూకా 6లో ఉంది. ఎందుకు ఏర్పరచుకున్నాడో మార్కు 3:14 చెప్తుంది: మొదట తనతో ఉండడానికి, తర్వాత ప్రకటించడానికి పంపేందుకు. మేము తరచూ ఈ వరుస తిరగేస్తాం. కుర్రాడు మీటింగ్‌కి వచ్చిన రెండో నెలలోనే మైకు చేతికిచ్చి, అతనితో ఒక్క సాయంత్రం కూడా గడపకుండా నాయకుడని పేరు పెడతాం.

దీనికి ఎదురుగా ఇంకో అపోహ ఉంది: తక్కువమంది ఉంటే లోతు ఎక్కువ అని. 1806లో అమెరికాలోని విలియమ్స్ కాలేజీ విద్యార్థులు అయిదుగురు ప్రార్థనకి కూడుకుంటే వాన ముంచుకొచ్చింది. గడ్డివాము పక్కన తలదాచుకుని అక్కడే ప్రార్థించారు. నాలుగేళ్లకి, 1810లో, అమెరికన్ బోర్డ్ అనే మిషనరీ సంస్థ మొదలైంది. 1812లో మొదటి మిషనరీలు ఓడెక్కారు. ఈ కథ చెప్పి "మేమూ అయిదుగురమే" అని సరిపెట్టుకునేవాళ్లని చూశాను. చాలా గుంపులు చిన్నవిగా ఉండేది ఎవరినీ పిలవకపోవడం వల్లే. ఆరో మనిషి వస్తే వాళ్ల సొంత జోకులు అతనికి అర్థం కావు.

అపోహ: ఒకరు ఇద్దరవుతారు, ఇద్దరు నలుగురవుతారు, లెక్క దానంతటదే పెరుగుతుంది.

ఏ ట్రైనింగ్‌లోనైనా ఈ లెక్క బోర్డు మీద కనిపిస్తుంది. ఒక్కొక్కరు ఏడాదికి ఒకరిని శిష్యుడిగా తయారుచేస్తే 10 ఏళ్లకి 1,024 మంది. గణితం తప్పు కాదు. కానీ క్యాంపస్‌లో ఏటా పై బ్యాచ్ వెళ్లిపోతుంది. మూడు నాలుగేళ్లకి ఒక్క ముఖం కూడా మిగలదు. మధ్యలో ఒక్క ఏడాది నాయకులు లేకపోతే, వెనకటి పదేళ్ల పని ఎవరికీ గుర్తుండదు. నేను వేసిన లెక్కలన్నీ బోర్డు మీదే ఉండిపోయాయి.

రెండో తిమోతి 2:2లో నాలుగు తరాలు వరుసగా కనిపిస్తాయి: పౌలు, తిమోతి, నమ్మకమైన మనుషులు, వాళ్లు నేర్పే ఇతరులు. అక్కడ పౌలు వేగం గురించి ఏమీ అనలేదు. నమ్మకమైనవాళ్లకి, నేర్పగలవాళ్లకి అప్పగించమన్నాడు. అందుకే ఇప్పుడు నేను వారాంతంలో చూసుకునేది రెండే. ఈ వారం ఎవరితో కూర్చున్నాను? నేను లేనిచోట ఎవరైనా ఇంకొకరితో కలిసి బైబిల్ తెరిచారా? రెండోదానికి అవునన్న జవాబు వచ్చేవరకు, జరుగుతున్నది నా పనే. వాళ్లది ఇంకా మొదలుకాలేదు.

అపోహ: చదువు పక్కనపెట్టి పరిచర్య చేసేవాడే నిజమైన శిష్యుడు.

ఇది నేనే పెంచి పోషించిన అపోహ కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. ఏ పని చెప్పినా కాదనడు. తెల్లవారుజామున ప్రార్థన, సాయంత్రం స్మాల్ గ్రూప్, రాత్రి ఆరాధన ప్రాక్టీసు, వారాంతంలో వేరే క్యాంపస్‌కి ప్రయాణం. నేను అందరి ముందూ అతన్ని మెచ్చుకునేవాణ్ని. ఫలితాలు వచ్చిన రోజు నా గదికొచ్చి మాట్లాడకుండా ఫోన్ నా ముందు పెట్టాడు. మూడు సబ్జెక్టులు పోయాయి. తెర ఆరిపోతే మళ్లీ వేలితో తట్టి వెలిగించాడు, నేను సరిగ్గా చూడలేదేమో అన్నట్టు. తర్వాత, "ఇంట్లో ఏం చెప్పమంటారన్నా? దేవుడి పని చేశానని చెప్పనా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నా దగ్గర జవాబు లేదు. అతని టైమ్‌టేబుల్ నేను ఒక్కసారి కూడా అడిగి చూడలేదు.

దానియేలు మొదటి అధ్యాయం మా మీటింగుల్లో చాలాసార్లు చెప్పాం. రాజు భోజనం వద్దన్న తెగువ గురించే చెప్పేవాళ్లం. దానియేలు, అతని స్నేహితులు మూడేళ్లు కల్దీయుల భాష, విద్య నేర్చుకున్నారని, పరీక్షలో మిగతావాళ్లకంటే పదింతలు మెరుగ్గా కనిపించారని అదే అధ్యాయంలో ఉంది. ఆ సగం దాటేసేవాళ్లం. విద్యార్థికి దేవుడిచ్చిన పిలుపు ఈ మూడు నాలుగేళ్లు విద్యార్థిగా ఉండడమే. ల్యాబ్ రికార్డు నిజాయితీగా రాయడం, కాపీ కొట్టకపోవడం, అర్థంకాని క్లాస్‌మేట్‌కి కూర్చుని చెప్పడం కూడా శిష్యత్వం కిందికే వస్తాయి.

ఆ తర్వాత మాకో నియమం పెట్టుకున్నాం. పరీక్షలకి మూడు వారాల ముందునుంచి మీటింగులు ఉండవు. చదువుకునే గదిలో అందరం కలిసి కూర్చుంటాం, మొదట అయిదు నిమిషాలు ప్రార్థిస్తాం, అంతే. "పరిచర్య మీద భారం, అంటే తపన, తగ్గిపోయిందా?" అని అడిగిన పెద్దలున్నారు. అడగనీ.

అపోహ: ప్రశ్నలు మొదలుపెట్టాడంటే చల్లారిపోతున్నట్టే.

క్రైస్తవ కుటుంబంనుంచి వచ్చిన పిల్లలు కాలేజీలో రెండో ఏడాదికి ప్రశ్నలు మొదలుపెడతారు. సృష్టి, పరిణామం, ఇతర మతాలవాళ్ల సంగతి, దేవుడుంటే ఈ బాధలెందుకు? వెంటనే అతనికోసం ప్రార్థన చెయ్యమని గ్రూపులో మెసేజ్ పెట్టేస్తాం. దాంతో అతను నోరు మూసుకుంటాడు. పాటలప్పుడు చేతులెత్తుతాడు, చదువు అయిపోగానే కనిపించడు.

ఎఫెసులో పౌలు తురన్ను పాఠశాలలో రెండేళ్లు రోజూ తర్కించాడని అపొస్తలుల కార్యములు 19 చెప్తుంది. రోజూ, రెండేళ్లు! అవతలివాళ్లు ప్రశ్నలడగకుండా అంతకాలం ఏం తర్కం జరుగుతుంది? ఇక శిష్యుడు తోమా. యేసు తిరిగి లేచాడంటే, చూస్తేగాని నమ్మనన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత యేసు వచ్చినప్పుడు ఆ తోమా మిగతా శిష్యులతోనే ఇంట్లో ఉన్నాడు. ఆ ఎనిమిది రోజులూ వాళ్లు అతన్ని వెళ్లగొట్టలేదు. యోహాను 20లో నాకు బాగా నచ్చే విషయం ఇదే.

పనిలో నేర్చుకున్నవి రెండున్నాయి. తెలియనప్పుడు "నాకు తెలియదు, వచ్చే వారం కలిసి చూద్దాం" అనాలి, వచ్చే వారం నిజంగా చూడాలి. రెండోది, ప్రశ్న వెనక ఏముందో అడగాలి. బాధల గురించి తత్వశాస్త్రం మాట్లాడుతున్న ఒకమ్మాయి చెప్పేది మా సహోద్యోగి అరగంట విని, "ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అని అడిగింది. వాళ్ల అమ్మ ఆసుపత్రిలో ఉంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అపోహ: శిష్యుడంటే అన్నీ నాయకుణ్ని అడిగే చెయ్యాలి.

ఏ కోర్సు, ఏ ఉద్యోగం, ఎవరితో స్నేహం, ఎవరితో పెళ్లి. మొదట సలహాగా మొదలై అనుమతిగా మారుతుంది. 1970లలో అమెరికాలో షెపర్డింగ్ ఉద్యమం ఇలాగే నడిచింది. ప్రతి విశ్వాసీ ఒక కాపరికి లోబడి, సొంత జీవిత నిర్ణయాలు కూడా అతనికి అప్పగించాలని నేర్పారు. చాలామంది గాయపడ్డారు. దాని నాయకుల్లో ఒకరైన బాబ్ మమ్‌ఫోర్డ్ తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద మన మాటకి ఎంత బరువుంటుందో మనకి తెలియదు. అందుకే హద్దులు ముందే పెట్టుకోవాలి. అబ్బాయిల్ని అన్నలు, అమ్మాయిల్ని అక్కలు కలవాలి. నలుగురికీ కనిపించే చోట కలవాలి. పాపపు ఒప్పుకోలు బలవంతంగా రాబట్టకూడదు. చెప్పినది ప్రార్థనాంశం పేరుతో బయటికి పోకూడదు. ఒక్కటి తప్ప: తనకి తాను హాని చేసుకుంటానన్నా, ఎవరైనా తనని హింసిస్తున్నారన్నా, అది నా కడుపులో దాచుకోవలసిన రహస్యం కాదని మొదటే చెప్పేస్తాను. డిప్రెషన్‌కి కౌన్సెలర్, డాక్టర్ కావాలి. చావు కోరుకున్న ప్రవక్త ఏలీయాకి దేవుడు ముందు నిద్ర, ఆహారం ఇచ్చాడు. మాటలు ఆ తర్వాతే (1 రాజులు 19).

అపోహ: సర్వే అనో, పర్సనాలిటీ క్లాస్ అనో పిలిచి, వచ్చాక సువార్త చెప్పొచ్చు.

చెప్పకూడదు. పిలిచేటప్పుడే ఇది బైబిల్ స్టడీ అని చెప్పండి, యాజమాన్యం అనుమతి అవసరమైతే తీసుకోండి, ఇష్టం లేదన్నవాణ్ని వదిలెయ్యండి. అతనితో స్నేహం మాత్రం వదలొద్దు. సత్యం చెప్పడానికి అబద్ధంతో మొదలుపెడితే విద్యార్థులు ఇట్టే పసిగడతారు.

అపోహ: క్యాంప్‌లో క్రీస్తును వెంబడిస్తానని తీర్మానం తీసుకున్నాడు, ఇక పర్వాలేదు.

ఆఖరి రాత్రి, మెల్లని సంగీతం, కన్నీళ్లు, కార్డు మీద సంతకం. నేను వాటిని తక్కువ చెయ్యను, నా జీవితమూ అలాంటి రాత్రే మలుపు తిరిగింది. కానీ మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ సంగతి చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో హోలీ క్లబ్ అనే చిన్న క్రైస్తవ బృందం 1729లో మొదలైంది. ఉపవాసాలు, జైలు దర్శనాలు, క్రమం తప్పని ప్రార్థన, అన్నీ ఆయన నడిపించినవే. క్రీస్తునే నమ్ముకున్నానన్న నిశ్చయత, హృదయం వెచ్చబడిన అనుభవం మాత్రం 1738 మే 24న లండన్‌లో కలిగాయి. నాయకుడికే తొమ్మిదేళ్లు పట్టింది. క్యాంప్ కార్డు చూసి మనం అంత తొందరపడితే ఎలా?

అపోహ: ఇది కుర్రవాళ్ల పని. నలభై దాటితే పనికిరారు.

చార్ల్స్ సిమియన్ 23 ఏళ్ల వయసులో, 1782లో, కేంబ్రిడ్జ్‌లోని హోలీ ట్రినిటీ చర్చికి పాస్టర్‌గా వచ్చారు. సంఘంవాళ్లు తలుపులున్న తమ బల్లలకి తాళాలు వేసుకుని జనాన్ని కూర్చోనివ్వలేదు. ఆయన 1836లో చనిపోయేదాకా, 54 ఏళ్లు, అక్కడే ఉన్నారు. శుక్రవారం సాయంత్రాలు విద్యార్థుల్ని తన గదులకి పిలిచి, వాళ్లు అడిగే ప్రశ్నలకి జవాబులు చెప్పేవారు. కొత్త నిబంధనని ఉర్దూలోకి, పారసీకంలోకి అనువదించిన హెన్రీ మార్టిన్ ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసినవారే. విద్యార్థులకి ట్రెండీగా ఉండే అన్న దొరకడం కష్టం కాదు. ప్రతి శుక్రవారం అదే తలుపు తెరిచి ఉండడమే అరుదు.

అపోహ: క్యాంపస్ సహవాసం ఉంటే సంఘం (చర్చి) అక్కర్లేదు.

వీటన్నిట్లో ఎక్కువ నష్టం చేసేది ఇదే అనుకుంటాను. క్యాంపస్ సహవాసంలో అందరిదీ ఒకే వయసు, ఒకే టెన్షన్, ఒకేలాంటి పాటలు. అలవాటైపోతే సంఘం చప్పగా అనిపిస్తుంది. ముసలివాళ్లు, ఏడ్చే పిల్లలు, నెమ్మదిగా సాగే ప్రసంగం. కానీ కాలేజీ అయిన మర్నాటినుంచి అతనికి ఉండేది అదే. నాలుగేళ్లు బాగా పాడి, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే విశ్వాసం నుంచి తప్పిపోయినవాళ్లని గుర్తుచేసుకుంటే, చాలామందికి చదువుకునే రోజుల్లో స్థానిక సంఘంతో సంబంధమే లేదు. ఆదివారం ఉదయం కూడా మేమే ఏదో ఒక కార్యక్రమం పెట్టేవాళ్లం.

ఇప్పుడు ఆదివారాలు ఖాళీగా వదిలేస్తాం. ఆఖరి ఏడాదివాళ్లతో చివరి రెండు నెలలు చేసే పని ఒకటే. ఎక్కడికి వెళ్తున్నారో తెలిశాక, ఆ ఊళ్లో ఉన్న రెండు మూడు సంఘాల వివరాలు కలిసి వెతుకుతాం. అక్కడి పాస్టర్‌గారికి ఫోన్ నేను చెయ్యను. విద్యార్థే చేస్తాడు, నేను పక్కన కూర్చుంటాను. కొందరికి గొంతు తడబడుతుంది, కొందరు రెండుసార్లు డయల్ చేసి కట్ చేస్తారు. వెళ్లాక రెండో ఆదివారం సాయంత్రం నానుంచి ఒక మెసేజ్ వెళ్తుంది: "ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు?"