కోర్స్ రెప్ కుర్చీ ఎక్కడి నుంచి వచ్చింది

బ్రిటన్‌లో మాస్టర్స్ చదవడానికి వెళ్ళినవాళ్ళకి క్లాసులు మొదలైన రెండు మూడు వారాల్లో స్టూడెంట్స్ యూనియన్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. మీ కోర్సుకి ప్రతినిధిగా (కోర్స్ రెప్‌గా) నిలబడతారా, అయితే నామినేషన్ వేయండి, ఫలానా తేదీ నుంచి ఆన్‌లైన్‌లో ఓటింగ్ ఉంటుంది అని అందులో ఉంటుంది. రూమ్ వేటలో, పార్ట్‌టైమ్ వేటలో ఉన్నవాళ్ళు చాలామంది దాన్ని తెరవనే తెరవరు. తెరిచినవాళ్ళకి ముందు గుర్తొచ్చేది మన ఇంజనీరింగ్ కాలేజీ సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్). హెచ్‌ఓడీ పేరు పిలిస్తే సీఆర్ అయిపోవడం, ల్యాబ్ రికార్డులు పోగుచేసి స్టాఫ్‌రూమ్‌లో పెట్టడం, జిరాక్స్ డబ్బులు వసూలు చేయడం, మాస్ బంక్ కొడితే ముందుగా చీవాట్లు తినడం. ఇదే పని మళ్ళీ ఇక్కడ ఎందుకులే అని మెయిల్ మూసేస్తారు.

అక్కడి రెప్ పని వేరు. డిపార్ట్‌మెంట్ కమిటీలో లెక్చరర్లతో పాటు బల్ల ముందు కూర్చుని, కోర్సు ఎలా నడుస్తోందో మాట్లాడాలి. మాట్లాడింది సమావేశం రికార్డులోకి (మినిట్స్‌లోకి) ఎక్కుతుంది. ఈ కుర్చీ ఎవరో దయతలచి వేసింది కాదు. దీని వెనక ధర్నాలున్నాయి, సస్పెన్షన్లున్నాయి, ఒక రాజీ పత్రం ఉంది. ఆ రాజీలో ఏం రాసుకున్నారో తెలిస్తే, ఇవాళ్టి రెప్ కొన్ని విషయాల్లో గట్టిగా నిలదీయగలిగి, మరి కొన్నిటి దగ్గర నోరు కట్టేసినట్టు ఎందుకు ఉండిపోతాడో అర్థమవుతుంది.

కథ స్కాట్లండ్‌లో మొదలవుతుంది. అక్కడి పాత యూనివర్సిటీల్లో రెక్టర్‌ని విద్యార్థులు ఎన్నుకునేవారు. 1858 చట్టం ఆ పదవికి పాలకమండలి అధ్యక్ష స్థానం కూడా ఇచ్చింది. పేరుకి ఇది గొప్ప హక్కే. కాకపోతే గెలిచేవాళ్ళు గ్లాడ్‌స్టన్, డిజ్రేలీ లాంటి పెద్ద నాయకులు. వాళ్ళు ఎప్పుడో వచ్చి ఒక ఉపన్యాసం ఇచ్చి వెళ్ళిపోయేవారు. ఎన్నికల సందడి మాత్రం మన పంచాయతీ ఎన్నికలకి తీసిపోయేది కాదు. రెండు వర్గాల కుర్రాళ్ళు బఠాణీ పిండి, కుళ్ళిన గుడ్లు విసురుకుంటూ వీధిన పడేవారు. క్లాసులో ఏం జరుగుతోందో అడిగే నాథుడు మాత్రం లేడు.

ఆ లోటు తీర్చడానికి 1884లో ఎడిన్‌బరోలో స్టూడెంట్స్ రిప్రజెంటేటివ్ కౌన్సిల్ పుట్టింది. దానికి నడుం కట్టినవాడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ బెల్ అనే విద్యార్థి. స్ట్రాస్‌బర్గ్‌లో విద్యార్థుల సంఘం ఎలా నడుస్తోందో చూసివచ్చి, ఇక్కడా అలాంటిది ఉండాలని పట్టుబట్టాడు. విద్యార్థులకీ అధికారులకీ మధ్య మాట చేరవేయడం ఆ కౌన్సిల్ పెట్టుకున్న పనుల్లో ఒకటి. అయిదేళ్ళకే, 1889లో, స్కాట్లండ్ యూనివర్సిటీల చట్టం ఈ కౌన్సిళ్ళకి గుర్తింపునిచ్చింది.

ఇంగ్లండ్‌లో ఇంత తొందరగా జరగలేదు. అక్కడ యూనియన్ అంటే డిబేట్లు, డిన్నర్లు. 1922లో ఏర్పడిన నేషనల్ యూనియన్ ఆఫ్ స్టూడెంట్స్ కూడా రాజకీయాల జోలికి పోకూడదని తన నియమావళిలోనే రాసుకుంది. పైగా 21 ఏళ్ళు నిండనివాళ్ళు చట్టం దృష్టిలో మైనర్లు. కాబట్టి యూనివర్సిటీ వాళ్ళకి అమ్మానాన్నల స్థానంలో ఉండేది. రాత్రి ఎన్నింటికి హాస్టల్‌కి రావాలో, గదికి ఎవరు రావచ్చో అన్నీ యూనివర్సిటీయే చెప్పేది. పిల్లల్ని సిలబస్ గురించి అడగడమేంటి అన్నది అప్పటి ధోరణి. మన కార్పొరేట్ జూనియర్ కాలేజీ హాస్టళ్ళు చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1962 తర్వాత ఇంగ్లండ్, వేల్స్‌లో డిగ్రీ సీటు వచ్చిన పిల్లలకి ఫీజు, ఖర్చులకి స్థానిక ప్రభుత్వం గ్రాంటు ఇవ్వడం తప్పనిసరైంది. 1963లో రాబిన్స్ నివేదిక, అర్హత ఉన్న ప్రతివాళ్ళకీ సీటు దొరకాలని చెప్పింది. కొత్త క్యాంపస్‌లు లేచాయి. ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి తరం వచ్చి చేరింది. వీళ్ళు తలవంచుకుని ఉండే రకం కాదు.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో నిప్పు రాజుకుంది. రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) తెల్లవాళ్ళ పాలన కింద ఒక కాలేజీ నడిపిన వాల్టర్ ఆడమ్స్‌ని డైరెక్టర్‌గా వేయబోతున్నారని తెలిసి విద్యార్థులు ఎదురుతిరిగారు. యూనియన్ అధ్యక్షుడు డేవిడ్ ఆడెల్‌స్టీన్ అనుమతి లేకుండా టైమ్స్ పత్రికకి ఉత్తరం రాశాడని చర్య మొదలుపెట్టారు. 1967లో గొడవ ముదిరి అతన్నీ ఇంకొకతన్నీ సస్పెండ్ చేస్తే మార్చిలో విద్యార్థులు భవనంలోనే బైఠాయించారు. ఎన్నికైన ప్రతినిధి పేపర్‌కి ఉత్తరం రాయడమే నేరమైతే ఆ ప్రతినిధి ఎందుకు అన్నది వాళ్ళ ప్రశ్న. అదే ఏడాది ప్రభుత్వం విదేశీ విద్యార్థుల ఫీజుని 250 పౌండ్లకి పెంచింది, స్వదేశీలకి అది 70 పౌండ్ల దగ్గరే ఉంది. మనవాళ్ళు ఇవాళ కడుతున్న ‘ఇంటర్నేషనల్ ఫీజు’కి మొదటి మెట్టు అదే.

1968 మే 28న లండన్‌లోని హార్న్‌సీ ఆర్ట్ కాలేజీని విద్యార్థులు ఆక్రమించారు. యూనియన్ నిధుల మీద పెత్తనం ఎవరిదన్న తగాదాతో మొదలై, అసలు ఇక్కడ ఏం నేర్పుతున్నారు, ఎలా నేర్పుతున్నారు అన్నదాకా వెళ్ళింది. వారాల తరబడి క్యాంటీన్ వాళ్ళే నడుపుకుంటూ, సెమినార్లు వాళ్ళే పెట్టుకుంటూ కూర్చున్నారు. నాకైతే ఈ మొత్తం చరిత్రలో కోర్స్ రెప్‌కి అసలు పూర్వీకులు వీళ్ళే అనిపిస్తుంది. కోర్సు మీద మాకూ మాట ఉండాలని వీళ్ళంత స్పష్టంగా అడిగినవాళ్ళు తక్కువ.

ఆ వేసవికి వైస్‌ఛాన్సలర్లకి కూడా టెన్షన్ పట్టుకుంది. పారిస్‌లో విద్యార్థుల తిరుగుబాటు చూశారు కదా. 1968 అక్టోబరులో వైస్‌ఛాన్సలర్ల కమిటీ, నేషనల్ యూనియన్ ఆఫ్ స్టూడెంట్స్ కలిసి ఒక ఉమ్మడి ప్రకటన చేశాయి. యూనివర్సిటీ వ్యవహారాలని అందులో మూడు గళ్ళుగా విడదీశారు. హాస్టళ్ళు, ఆరోగ్యం, క్యాంటీన్ లాంటి సంక్షేమ విషయాల్లో విద్యార్థులు నిర్ణయంలోనే భాగస్వాములు. సిలబస్, బోధనా పద్ధతుల విషయంలో విద్యార్థుల అభిప్రాయం తప్పక వినాలి, ఆఖరి మాట మాత్రం అధ్యాపకులది. ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలి, ఎవరికి సీటివ్వాలి, ఎవరికి ఎన్ని మార్కులు అన్న మూడో గడిలోకి విద్యార్థులకి ప్రవేశం లేదు, మహా అయితే సాధారణ సూత్రాల మీద మాట్లాడవచ్చు.

1970 జనవరి 1 నుంచి మైనారిటీ తీరే వయసు 18కి దిగింది. దాంతో అమ్మానాన్నల వేషానికి చట్టం దన్ను పోయింది. డిపార్ట్‌మెంట్లలో స్టాఫ్ స్టూడెంట్ కమిటీలు వెలిశాయి. కోర్స్ రెప్ కూర్చునేది రెండో గడిలో. వింటారు, రాసుకుంటారు, నిర్ణయం వాళ్ళు తీసుకుంటారు. 1968లో గీసిన ఆ గీత ఇప్పటికీ చెరగలేదు.

తర్వాతి పాతికేళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కమిటీలు కూర్చున్నాయి, లేచాయి, మినిట్స్ ఫైళ్ళలోకి వెళ్ళాయి.

కుర్చీకి మళ్ళీ గిరాకీ తెచ్చింది ఫీజులు. విదేశీ విద్యార్థులు పూర్తి ఖర్చు కట్టాలన్న నియమం 1980లోనే వచ్చింది. 1997లో విద్యార్థులూ ఖర్చులో కొంత భరించాలన్న డియరింగ్ నివేదిక, అదే ఏడాది నాణ్యత చూసే క్వాలిటీ అష్యూరెన్స్ ఏజెన్సీ వచ్చాయి. 1998లో స్వదేశీ విద్యార్థులకీ ఏడాదికి 1000 పౌండ్ల దాకా ఫీజు మొదలైంది. ఇంగ్లండ్‌లో ఆ పరిమితి 2006కి 3000, 2012కి 9000 అయింది. 2005లో నేషనల్ స్టూడెంట్ సర్వే పెట్టారు. ఎన్‌ఎస్‌ఎస్ అంటారు గానీ మన మొక్కలు నాటే ఎన్‌ఎస్‌ఎస్ కాదు, డిగ్రీ చివరి ఏడాది వాళ్ళు తమ కోర్సుకి మార్కులేసే సర్వే. ర్యాంకుల పట్టికలకి అది ముడిసరుకు. 2017 నుంచి అందులో విద్యార్థుల మాట విన్నారా, విని ఏమైనా చేశారా అన్న ప్రశ్నలు కూడా చేరాయి. అంతే, ప్రతి కారిడార్‌లో ‘మీరు చెప్పారు, మేము చేశాం’ అనే పోస్టర్లు వెలిశాయి. రెప్‌లకి ట్రైనింగ్, సర్టిఫికెట్, హుడీ.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 1968 కుర్రాళ్ళు యూనివర్సిటీలో మేమూ సభ్యులమే అని కూర్చున్నారు. ఫీజుల కాలంలో అదే కుర్చీలో కూర్చున్నవాణ్ణి యూనివర్సిటీ కస్టమర్‌గా చూస్తోంది. 2015లో పోటీ, మార్కెట్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ (సీఎంఏ) యూనివర్సిటీలకి ఇచ్చిన మార్గదర్శకాల్లో విద్యార్థులకి వినియోగదారుల చట్టం వర్తిస్తుందని తేల్చి చెప్పింది. బ్రోషర్‌లో చెప్పిన కోర్సే చెప్పాలి, మధ్యలో ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. విద్యార్థికి ఇది రక్షణే. అయితే మధ్యలో మార్చమని అడగాల్సిన రెప్‌కి ఇదే చట్టం అడ్డం తిరుగుతుంది.

ఒక కమిటీ సమావేశంలో అది ఎలా ఉంటుందో చూడండి. నవంబరులో ఒక మధ్యాహ్నం, టీమ్స్ కాల్. అజెండాలో ఒక్కో మాడ్యూల్‌కి, అంటే సబ్జెక్టుకి, అయిదు నిమిషాలు. రెప్ మూడు విషయాలు తెచ్చాడు. మూడు అసైన్‌మెంట్లు ఒకే వారంలో పడ్డాయి, ఒక మాడ్యూల్‌లో గ్రూప్ ప్రాజెక్టుకి 60 శాతం మార్కులు చాలా ఎక్కువ, ఒక లెక్చరర్ రికార్డింగులు పెట్టట్లేదు. రికార్డింగుల పని వారంలో అయిపోతుంది. అసైన్‌మెంట్ తేదీల్లో ఒకటి జరుపుతారు. 60 శాతం దగ్గరికి వచ్చేసరికి ప్రోగ్రామ్ లీడర్ మర్యాదగా చెబుతారు. ఈ ఏడాది వెయిటేజీ ముందే ఆమోదమై వెబ్‌సైట్‌లోకి ఎక్కింది, మార్చాలంటే ఫ్యాకల్టీ కమిటీ దాటాలి, వచ్చే సెప్టెంబరు బ్యాచ్ నుంచి పరిశీలిస్తాం అని. యాక్షన్ లాగ్‌లో ఒక వరుస చేరుతుంది. నాకు 48 మార్కులే వేశారు అని క్లాస్‌మేట్ పంపిన మెసేజ్‌ని రెప్ అక్కడ బయటికే తీయలేడు. అది మూడో గడి.

ఇంతలో వాట్సాప్ గ్రూపులో తెలుగువాళ్ళ మెసేజ్‌లు. “అన్నా, కౌన్సిల్ ట్యాక్స్ లెటర్ ఎక్కడిస్తారు?” “బ్రో, క్లాసులన్నీ రెండు రోజుల్లోకి సర్దమని అడుగు, షిఫ్టులు పోతున్నాయి.” మొదటిది, విద్యార్థులకి ఇంటిపన్ను మినహాయింపు కోసం యూనివర్సిటీ ఇచ్చే లెటర్, రెప్ పనే కాదు, స్టూడెంట్ సర్వీసెస్ కౌంటర్‌లో అడగాల్సింది. రెండోది మాత్రం అచ్చంగా రెప్ పని. స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే పనిచేయాలి. ఆ 20 గంటలు కూడా టైమ్‌టేబుల్ వారం వారం మారితే దొరకవు. షిఫ్టుల మాట పక్కనపెట్టి, టైమ్‌టేబుల్ టర్మ్ మొదట్లోనే ఖరారు చేసి మార్చకుండా ఉంచండని అడిగితే అక్కడ వింటారు. ఈ తేడా పట్టుకున్న రెప్ బాగా రాణిస్తాడు.

మనవాళ్ళకి ఇది వెంటనే పట్టుబడకపోతే తప్పు వాళ్ళది కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోని రాష్ట్ర యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా క్యాంపస్‌లో జార్జిరెడ్డి హత్య మొదలు క్యాంపస్ హింస గురించి వినని ఇల్లు లేదు. ఎన్నికలు వద్దనే వాదనకి ఆ భయమే ఆసరా. 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో విద్యార్థి ఎన్నికలకి లింగ్డో కమిటీ నియమాలు వచ్చాయి. అభ్యర్థి ఖర్చు 5000 రూపాయలు దాటకూడదు, అటెండెన్స్ 75 శాతం ఉండాలి, ముద్రించిన పోస్టర్లు వద్దు వగైరా. పెద్ద యూనివర్సిటీల్లో క్లాస్ ప్రతినిధుల్ని ఎన్నుకుంటే వాళ్ళు పై పదవుల్ని ఎన్నుకునే పద్ధతిని కూడా ఆ కమిటీ సూచించింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో యూనియన్ ఎన్నికలు జరుగుతూ వచ్చాయి. ఇంజనీరింగ్ కాలేజీల్లో మాత్రం సీఆర్, ఎల్ఆర్ (లేడీస్ రిప్రజెంటేటివ్)లని మార్కులు చూసో, మాట వింటారనో మేడమే ఎంచేసే పద్ధతి మామూలైపోయింది. ఓటు అడిగి గెలిచి, మళ్ళీ ఆ ఓటేసినవాళ్ళకి జవాబు చెప్పుకునే అలవాటు చాలామందికి మొదటిసారి బ్రిటన్‌లోనే పడుతోంది. కొందరు అక్కడితో ఆగట్లేదు. యూనియన్‌లో జీతం ఉండే పూర్తికాలపు పదవులకి పోటీచేస్తున్నారు. స్టూడెంట్ వీసా నిబంధనలు దానికి ప్రత్యేకంగా వీలు కల్పించాయి.

అసలు చిక్కు కోర్సు నిడివి దగ్గర ఉంది. 2022-23లో బ్రిటన్‌లో భారతీయ విద్యార్థులు లక్షన్నర దాటారు. ఎక్కువమంది ఏడాది మాస్టర్స్‌లో ఉన్నవాళ్ళే. 20 వేల పౌండ్ల దాకా, కొన్నిచోట్ల అంతకు మించి కడుతున్నారు. ఈ రెప్ వ్యవస్థ మొత్తం మూడు నాలుగేళ్ళు అక్కడే ఉండే డిగ్రీ విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని అల్లింది. నవంబరులో చెప్పింది వచ్చే సెప్టెంబరుకి అమలైతే డిగ్రీ కుర్రాడు ఇంకా క్యాంపస్‌లోనే ఉంటాడు, మాస్టర్స్ వాడు అప్పటికి డిసర్టేషన్ (చివరి పరిశోధన నివేదిక) ఇచ్చేసి ఉద్యోగం వెతుక్కుంటుంటాడు. ఎన్‌ఎస్‌ఎస్ సర్వేలో వీళ్ళని అడగనే అడగరు. వీళ్ళ కోసం ఉన్న పోస్ట్‌గ్రాడ్యుయేట్ సర్వేలో చేరాలా వద్దా అన్నది యూనివర్సిటీ ఇష్టం. ఎక్కువ కట్టేవాళ్ళ మాటకి ర్యాంకుల పట్టికలో తక్కువ తూకం ఉంది. కాబట్టే పోస్టర్ల మీద వీళ్ళ పేరుతో వచ్చే మార్పులు అంతగా కనిపించవు.

జనవరిలో చేరేవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. వాళ్ళు దిగేసరికి అక్టోబరు ఎన్నిక అయిపోయి ఉంటుంది. కొన్ని యూనివర్సిటీలు ఆ బ్యాచ్‌కి ఫిబ్రవరిలో విడిగా ఎన్నిక పెడుతున్నాయి, మిగతాచోట్ల సెప్టెంబరు బ్యాచ్ రెప్‌నే పట్టుకోవాలి. ఇక జూన్ నుంచి సెప్టెంబరు దాకా డిసర్టేషన్ కాలం. సూపర్‌వైజర్ సెలవులో ఉండటం, పరిశోధనకి కావలసిన ఎథిక్స్ అనుమతి ఆలస్యం కావడం, మాస్టర్స్‌లో పెద్ద తలనొప్పులన్నీ అప్పుడే వస్తాయి. డిగ్రీ క్యాలెండర్ ప్రకారం అది వేసవి సెలవు కాబట్టి చాలాచోట్ల ఆ నెలల్లో కమిటీ సమావేశమే ఉండదు. రెప్ ఉంటాడు, కూర్చోవడానికి బల్ల ఉండదు.