గిటారుకీ ఆర్గన్‌కీ పోటీ: డీప్ పర్పుల్ నడిచిన దారి

విశాఖలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టిన కుర్రాళ్లలో చాలామందికి మొదట చేతికొచ్చేది ఇంగ్లండ్ రాక్ బ్యాండు డీప్ పర్పుల్ పాట 'స్మోక్ ఆన్ ది వాటర్'లోని రిఫ్, అంటే పదేపదే వచ్చే చిన్న గిటారు పలుకు. ఆ పాట పుట్టడానికి కారణమైన రోజు 1971 డిసెంబరు 4. ఈ ఊరికి ఆ తేదీ వేరే రకంగా గుర్తు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గర్లో మునిగిపోయింది ఆ ముందు రాత్రే. ఆ రోజు రాత్రి కరాచీ రేవు మీద మన నౌకాదళం చేసిన దాడికి గుర్తుగానే నేవీ డే జరుపుకుంటాం. ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారకం మీదుగా రోజూ నడిచేవాళ్లకు ఇదంతా కొత్తగా చెప్పక్కర్లేదు.

అదే తేదీన స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున, మాంట్రూ పట్నంలో ఒక క్యాసినో తగలబడింది. అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా జనంలోంచి ఎవరో ఫ్లేర్ గన్, అంటే మంటలు చిమ్మే సిగ్నల్ తుపాకి, పైకప్పు మీదికి పేల్చారు. ప్రాణనష్టం లేదు కానీ భవనం మిగల్లేదు. ఆ కచేరీ అయ్యాక అదే హాల్లో ఆల్బమ్ రికార్డు చేసుకోవాలని వచ్చిన డీప్ పర్పుల్ బ్యాండు, సరస్సు మీద కమ్ముకున్న పొగను చూస్తూ ఉండిపోయింది. కొద్దిరోజులకు బేస్ గిటారిస్టు రాజర్ గ్లోవర్ నిద్రలేస్తూనే పలికిన మాటే పాటకు పేరైంది.

ఈ ఒక్క పాట వల్ల ఒక అభిప్రాయం పాతుకుపోయింది. డీప్ పర్పుల్ అంటే రిచీ బ్లాక్‌మోర్ గిటారేననీ, ఆయన వెళ్లిపోయాక మిగిలింది పేరు మాత్రమేననీ. రాక్ వినేవాళ్లు నలుగురు కూడితే ఈ వాదన రాక మానదు. బ్యాండు మొదటినుంచీ ఎలా మారుతూ వచ్చిందో చూస్తే ఈ మాట నిలబడదని నా నమ్మకం.

1968లో ఇంగ్లండ్‌లో మొదలైనప్పుడు ఈ బ్యాండుకు దారి చూపింది గిటారిస్టు కాదు, ఆర్గన్ వాయించే జాన్ లార్డ్. చిన్నప్పటినుంచీ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చిన మనిషి. తొలి మూడు ఆల్బమ్‌లలో ఆ ఛాయలు బాగా వినిపిస్తాయి. అమెరికాలో నాలుగో స్థానం దాకా వెళ్లిన 'హష్' పాట వీళ్ల సొంతం కూడా కాదు, జో సౌత్ రాసింది. 1969లో గాయకుడు రాడ్ ఇవాన్స్, బేసిస్టు నిక్ సింపర్ స్థానాల్లో ఇయాన్ గిల్లన్, గ్లోవర్ వచ్చారు. అభిమానులు మార్క్ 2 అని పిలుచుకునే లైనప్, అంటే సభ్యుల జట్టు, ఇదే. అదే ఏడాది సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో లార్డ్ రాసిన కన్చెర్టోను (బ్యాండూ ఆర్కెస్ట్రా కలిసి వాయించే శాస్త్రీయ రచన) రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించారు. పేరైతే వచ్చింది కానీ, ఆర్కెస్ట్రాతో వాయించే బ్యాండు అన్న ముద్ర బ్లాక్‌మోర్‌కు నచ్చలేదు. ఈసారి నికార్సైన రాక్ ఆల్బమ్ చేద్దామని పట్టుబట్టాడు. లార్డ్ సరేనన్నాడు. 1970లో వచ్చిన 'ఇన్ రాక్' ఆ ఒప్పందం ఫలితం.

లార్డ్ ఒప్పుకుని ఊరుకోలేదు. మామూలుగా హామండ్ అనే ఎలక్ట్రిక్ ఆర్గన్‌ను లెస్లీ అనే తిరిగే స్పీకరుకు కలుపుతారు. ఆయన తీసుకెళ్లి గిటారిస్టులు వాడే మార్షల్ యాంప్లిఫయరుకు కలిపాడు. ఆర్గన్ గొంతు బొంగురుపోయి గిటారు అరుపుకు దీటుగా నిలిచింది. హార్డ్ రాక్ చరిత్రలో ఇంత పెద్ద మలుపు తెచ్చిన తీగ మార్పిడి ఇంకొకటి నాకు కనబడదు. అక్కణ్నుంచి ఒకరు సోలో ఎత్తుకుంటే ఇంకొకరు జవాబివ్వడం, తనియావర్తనంలో మృదంగానికి ఘటం బదులిచ్చినట్టు, వీళ్ల కచేరీలకు ప్రాణమైంది. 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యోల్లో రికార్డు చేసిన 'మేడ్ ఇన్ జపాన్' వింటే తెలుస్తుంది.

క్యాసినో పోయాక వాళ్లు మొదట పట్నంలోనే ఒక థియేటర్లో రికార్డింగుకు దిగారు. మోత భరించలేక చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు వచ్చారు. టేక్ పూర్తయ్యేదాకా తలుపులు తెరవకుండా బ్యాండు సహాయకులు అడ్డంగా నిలబడ్డారు. అలా దక్కిన ట్రాకే ఈ రిఫ్. మిగతా ఆల్బమ్ చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్లో, కారిడార్‌లో పరుపులు నిలబెట్టి పూర్తిచేశారు. రికార్డింగ్ ట్రక్కు బయట ఉండేది. అక్కడికి చేరాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుని పోవాలి. అందుకని వాయించింది వెనక్కి వినడమే మానేశారు. 1972 మార్చిలో వచ్చిన 'మెషీన్ హెడ్' అదే.

రిఫ్‌ను మన స్వరాల్లో చూడండి. షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం. రెండోసారి పైకి వెళ్తూ ప్రతి మధ్యమాన్ని తాకి శుద్ధ మధ్యమానికి దిగుతుంది. మేళకర్తలో ఒకే మధ్యమం ఉంటుంది గనక రెండూ పక్కపక్కన వినగానే మన చెవి ఉలిక్కిపడుతుంది. బ్లూస్ నుంచి వచ్చిన ఘాటు అది. పైగా ప్రతి స్వరానికీ కింద నాలుగో స్వరం తోడుంటుంది, సకు మంద్ర పంచమంలాగా. బ్లాక్‌మోర్ ఆ రెండు తీగల్నీ పిక్‌తో కాకుండా వేళ్లతో ఒకేసారి లాగుతాడు. పిక్‌తో కిందికి కొట్టే మన కుర్రాళ్లకు ఆ బిగువు రాకపోవడానికి కారణం ఇదే. గిటారు ఒంటరిగా మొదలయ్యాక డ్రమ్స్‌లోని హై-హ్యాట్ తాళాలతో పాటే లార్డ్ ఆర్గన్ వచ్చి చేరుతుంది. ఆ పాటకు బరువు అక్కడే వస్తుంది.

తర్వాతి కథ తొందరగా చెప్పుకోవచ్చు. 1973లో గిల్లన్, గ్లోవర్ వెళ్లిపోయారు. బట్టల షాపులో పనిచేసే డేవిడ్ కవర్డేల్, బేస్ వాయిస్తూ పాడే గ్లెన్ హ్యూస్ వచ్చారు. సోల్, ఫంక్ అనే అమెరికన్ నల్లజాతి సంగీతాల వాసనలు చేరాయి. అవి రుచించక బ్లాక్‌మోర్ 1975లో వెళ్లి రెయిన్‌బో అనే సొంత బ్యాండు పెట్టుకున్నాడు. ఆయన స్థానంలో వచ్చిన అమెరికన్ టామీ బోలిన్ మంచి గిటారిస్టే కానీ మాదకద్రవ్యాలు మింగేశాయి. 1976లో బ్యాండు విడిపోయింది, ఆ డిసెంబరు 4నే పాతికేళ్ల బోలిన్ చనిపోయాడు. 1984లో మార్క్ 2 మళ్లీ కలిసింది. మనుషులు కలిశారు గానీ గిల్లన్, బ్లాక్‌మోర్‌ల మధ్య పొసగలేదు. 1993లో బ్లాక్‌మోర్ పూర్తిగా తప్పుకున్నాడు.

అభిమానులు సరిగ్గా వినని కాలం ఆ తర్వాతిదే. ఆ తర్వాత గిటారు పట్టిన స్టీవ్ మోర్స్ బ్లాక్‌మోర్‌ను అనుకరించలేదు. 1996లో వచ్చిన 'పర్పెండిక్యులర్'లో లార్డ్ ఆర్గన్, మోర్స్ గిటారు కొత్తగా కొట్లాడుకుంటాయి. బ్లాక్‌మోర్ లేకుండా కూడా ఈ బ్యాండు ఉందనడానికి నాకు ఆ ఆల్బమ్ చాలు. 2002లో లార్డ్ వైదొలిగితే ఆర్గన్ దగ్గరికి డాన్ ఎయిరీ వచ్చాడు. 2012లో లార్డ్ కన్నుమూశాడు. 2022 నుంచి గిటారు సైమన్ మెక్‌బ్రైడ్‌ది. 1968 నుంచి అన్ని లైనప్‌లలోనూ ఉన్నది డ్రమ్మర్ ఇయాన్ పెయిస్ ఒక్కడే.

ఇక్కడ కుర్రాళ్లు బ్యాండు కట్టేటప్పుడు ఇద్దరు గిటారిస్టుల్ని పెట్టుకుని కీబోర్డును వదిలేస్తుంటారు. చర్చి క్వయర్లలో చక్కగా వాయించే పిల్లలకు ఈ ఊళ్లో కొదవ లేదు. ఒకరిని పిలిచి, ఆర్గన్ టోన్‌కు కాస్త డిస్టార్షన్ (ఆ బొంగురు) కలిపి, గిటారు పక్కన అదే రిఫ్ వాయించమని అడగండి.