లైవ్ పోకర్‌లో నిబ్బరం: అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్లుగా లైవ్ టేబుల్ మీద (ఆన్‌లైన్‌లో కాదు, ఎదురెదురుగా కూర్చుని) పోకర్ ఆడుతున్నాను, కొత్తవాళ్లకు నేర్పుతున్నాను కూడా. లెక్కలు రాక ఓడినవాళ్లకంటే, లెక్క తెలిసి కూడా ఆ క్షణంలో పాటించలేక ఓడినవాళ్లనే ఎక్కువగా చూశాను. నేనూ అలా ఓడినవాడినే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మంచి ఆటగాడికి కోపం రాదు, టెన్షన్ ఉండదు.

వస్తుంది. చేతిలో రెండు ఆసులతో డబ్బంతా పెట్టామనుకోండి. అవతలివాడు రెండు రాజులు చూపించాడు. నూటికి 82 సార్లు మనదే గెలుపు. మిగిలిన 18 సార్లు ఓడిపోతాం, అంటే ఐదారుసార్లకు ఒకసారి. అసలు చేతికి రెండు ఆసులు పడేదే సగటున 221 హ్యాండ్లకు (ముక్కలు పంచి ఆడే ఆటలకు) ఒకసారి. లైవ్ టేబుల్‌లో గంటకు 25, 30 హ్యాండ్లకు మించి నడవవు కాబట్టి, ఏడెనిమిది గంటలు కూర్చుంటే ఒకసారి పడతాయన్నమాట. అంతసేపు ఎదురుచూసిన ముక్కలు రివర్‌లో, అంటే టేబుల్ మీద పరిచే చివరి ముక్కతో, ఓడిపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ మంటను అణిచిపెట్టమని నేను ఎవరికీ చెప్పను. ఆ మంటలో తర్వాతి హ్యాండ్ ఆడవద్దని చెబుతాను. క్యాష్ గేమ్ (ఎప్పుడైనా లేచి వెళ్లగల నేరు డబ్బు ఆట) అయితే లేచి ఒక రౌండ్ బయట తిరిగి రావచ్చు. టోర్నమెంట్‌లో లేచినా బ్లైండ్స్ (వంతు వచ్చినప్పుడు తప్పక పెట్టాల్సిన పందేలు) పోతూనే ఉంటాయి కాబట్టి, కూర్చునే ఉండి కాసేపు బలమైన ముక్కలు మాత్రమే ఆడాలి.

అపోహ: టిల్ట్ అంటే చిప్స్ (పందెం బిళ్లలు) విసిరేయడం, డీలర్ మీద అరవడం.

అలా అరిచేవాడిని టేబుల్ అంతా గుర్తుపడుతుంది. టిల్ట్ అంటే ఆవేశం మన నిర్ణయాలను నడపడం; ఎవరికీ కనిపించని టిల్ట్‌తోనే నష్టం ఎక్కువ. పిన్‌బాల్ యంత్రాన్ని మరీ గట్టిగా కుదిపితే ‘టిల్ట్’ అనే దీపం వెలిగి ఆట ఆగిపోయేది. పోకర్‌లోకి ఆ మాట అక్కడి నుంచే వచ్చింది. మనకు అలాంటి దీపం ఉండదు కాబట్టి లక్షణాలను మనమే పట్టుకోవాలి. నా విషయంలో అవి ఇలా మొదలవుతాయి: మామూలుగా ఫోల్డ్ చేసే (వదిలేసే) ముక్కలకు ‘ఒక్క ఫ్లాప్ (టేబుల్ మీద మొదట పరిచే మూడు ముక్కలు) చూద్దాం’ అనిపిస్తుంది. నన్ను ఓడించిన మనిషి పాట్‌లోకి (మధ్యలో పోగయ్యే పందెం డబ్బు కోసం ఆటలోకి) వస్తే నేనూ దిగాలనిపిస్తుంది. ఆలోచించకముందే చెయ్యి చిప్స్ మీదకు వెళ్తుంది.

గెలుస్తున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఒకసారి మొదటి రెండు గంటల్లోనే నా స్టాక్ (నా ముందున్న చిప్స్) మూడింతలైంది. ఇక నన్నెవరూ ఆపలేరన్న ధీమాతో చెత్త ముక్కలతో రైజ్ చేస్తూ (పందెం పెంచుతూ) పోయి, ఖాళీ చేతులతో లేచాను. ఆ రోజు నాకు ఒక్క బ్యాడ్ బీట్ (గెలవాల్సిన ముక్కలతో దురదృష్టం వల్ల ఓడడం) కూడా పడలేదు.

అపోహ: పోయినచోటే వెతుక్కోవాలి.

పేకాటలో ఈ సామెత ముంచినంతగా ఏ చెడ్డ ముక్కా ముంచదు. వెయ్యి గెలిచిన సంతోషంకంటే వెయ్యి పోగొట్టుకున్న బాధ పెద్దదని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రాస్పెక్ట్ థియరీలో రాశారు. నష్టంలో ఉన్న మనిషి, దాన్ని చెరిపేసుకోవడానికి మామూలుగా తీసుకోని రిస్క్ తీసుకుంటాడు. టేబుల్ దగ్గర రోజూ కనిపించేది ఇదే.

నిజానికి లెక్క ప్రకారం చూస్తే, రెండు బై-ఇన్‌లు (ఆటలో కూర్చోవడానికి ఒక్కోసారి పెట్టే డబ్బు) పోయినంత మాత్రాన లేవాల్సిన పనిలేదు. టేబుల్ బాగుండి, మనం బాగా ఆడుతుంటే కొనసాగించవచ్చు. కానీ ‘నేను బాగానే ఆడుతున్నాను’ అని తీర్పు చెప్పేది ఎవరు? రెండు బై-ఇన్‌లు పోగొట్టుకున్న మనిషే కదా! ఆ తీర్పును నేను నమ్మను. నాది నమ్మి ఒక రాత్రి మూడోది, నాలుగోది కూడా తీశాను. ఇప్పుడు ఎన్ని బై-ఇన్‌లు, ఏ టైమ్‌కి లేవాలి అన్నది కూర్చోకముందే కాగితం మీద రాసుకుంటాను. అంతే డబ్బు తీసుకెళ్తాను, కార్డు తీసుకెళ్లను. టేబుల్ దగ్గర మనోబలం మీద ఆధారపడటంకంటే ఇది ఎంతో తేలిక.

అపోహ: ఇంతసేపు ముక్కలు పడలేదు, ఇక పడి తీరాలి.

పేకకు జ్ఞాపకం లేదు. చేతిలో జత ఉంటే ఫ్లాప్‌లో మూడోది పడే అవకాశం దాదాపు ఎనిమిదిన్నరకు ఒకటి. పదిసార్లు పడకపోయినా పదకొండోసారి కూడా అంతే.

అపోహ: ముఖంలో ఏమీ కనిపించకపోతే చాలు.

ముఖం రాయిలా ఉన్నా చేతులు, ఊపిరి, నిర్ణయం తీసుకునే వేగం అన్నీ చెప్పేస్తాయి. ముఖం దాచుకోవడంకంటే ప్రతి నిర్ణయానికీ ఒకే వరస పెట్టుకోవడం మేలు. కాస్త ఆగడం, పాట్ లెక్కించడం, అవతలివాడి దగ్గర ఏం ఉండవచ్చో ఆలోచించడం, ఆ తర్వాతే చిప్స్ ముట్టుకోవడం. ఉదాహరణకు పాట్‌లో 2,000 ఉంది, టర్న్‌లో (టేబుల్ మీద నాలుగో ముక్క పడ్డాక) అవతలివాడు 1,000 పెట్టాడు. మనం 1,000 పెడితే వచ్చేది 3,000. అంటే నాలుగుసార్లలో ఒకసారైనా గెలవాలి. మనకు ఫ్లష్‌కి (ఒకే గుర్తున్న ఐదు ముక్కలకు) ఒక్క ముక్క తక్కువ, రావాల్సింది రివర్ ఒక్కటే. కనబడని 46 ముక్కల్లో పనికొచ్చేవి 9, ఐదింట ఒకటి కూడా కాదు. ఫ్లష్ పడ్డాక అతను ఇంకా బాగా డబ్బు ఇస్తాడని గట్టి కారణం ఉంటే తప్ప ఫోల్డ్ చేయాలి. ఈ లెక్క మనసులో నడుస్తున్నంతసేపు కోపానికి చోటు తక్కువ. వరస అలవాటైతే చేతులు కూడా ప్రతిసారీ ఒకేలా కదులుతాయి.

అపోహ: క్రమశిక్షణ ఉంటే ఎవరైనా అదుపులో ఉండగలరు.

అందరి విషయంలో ఇది నిజం కాదు. జూద వ్యసనాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో, మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. పోయింది రాబట్టుకోవడానికి మర్నాడు మళ్లీ వెళ్లడం, ఎంత పోయిందో ఇంట్లో అబద్ధం చెప్పడం దాని లక్షణాల్లో ఉన్నాయి. ఇవి కనిపించినవాళ్లకు నేను స్టాప్-లాస్ (ఇంత పోతే లేవాలన్న హద్దు) గురించి చెప్పను, ఆట నేర్పను. ముందు డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవమంటాను, కావాలంటే తోడు కూడా వెళ్తాను.