చచ్చిన కోడి కంటే చావని కోడితోనే చిక్కు

కోళ్ళ షెడ్డులోకి బర్డ్‌ఫ్లూ లాంటి వైరస్ దూరిందని ముందుగా చెప్పేది ల్యాబ్ కాదు, చాలాసార్లు నీళ్ళ మీటరే. ఒంట్లో నలతగా ఉన్న కోడి నీళ్ళు తాగడం తగ్గించేస్తుంది, దాణా సరిగ్గా ముట్టదు, గుడ్ల కోడైతే గుడ్లు తగ్గుతాయి, పెట్టినవాటిలో కూడా పెంకు మెత్తగా ఉన్నవి ఎక్కువవుతాయి. జుట్టు, తమ్మెలు నల్లబడటం, మెడ వంకర తిరగడం లాంటివి, అంటే ఫోటోల్లో మనకు చూపించేవన్నీ, ఆ తర్వాతి సంగతి. యూరోపియన్ యూనియన్ 2005లో పెట్టుకున్న బర్డ్‌ఫ్లూ నిబంధనల్లో దీన్ని అంకెల్లోనే రాసేశారు: దాణా, నీళ్ళ వాడకం 20 శాతానికి మించి పడిపోయినా, గుడ్లు 5 శాతానికి పైగా తగ్గి రెండు రోజులు దాటినా, వారంలో 3 శాతానికి మించి కోళ్ళు చచ్చినా వెంటనే అధికారులకు చెప్పాలి. రోజూ ఈ నాలుగు అంకెలు నోటుబుక్కులో ఎక్కించే మనిషి ఒకడుంటే సగం నిఘా అయిపోయినట్టే.

అలాగని ఒక్క చావుల లెక్కనే నమ్ముకుంటే ఏమవుతుందో చూద్దాం (ఇది ఊరికే ఊహించుకున్న లెక్క, ఏ ఫారమ్‌దీ కాదు). 20 వేల కోళ్ళున్న షెడ్డు. ఏ రోగమూ లేకపోయినా రోజుకు పదో పదిహేనో చస్తూనే ఉంటాయి, ఎవరూ కంగారుపడరు. వైరస్ వచ్చింది. దానివల్ల మొదటిరోజు అదనంగా 1 చచ్చింది, మర్నాడు 2, తర్వాత 4, 8, 16. మొదటి మూడు నాలుగు రోజుల అదనపు చావులు మామూలు చావుల్లో కలిసిపోతాయి, ఐదో రోజుకు గానీ "ఏదో తేడాగా ఉందే" అనిపించదు. సోకిన మూడు రోజులకు కోడి చస్తుందనుకుంటే, రేపు చావబోయే 32, ఎల్లుండి 64, ఆవలెల్లుండి 128 అప్పటికే వైరస్‌ని మోస్తున్నాయి. కంట్లో పడినవి 16, పడనివి 224. టెన్షన్ పడాల్సింది ఆ రెండో అంకె గురించే.

ఇదంతా కోడిని చంపే వైరస్ సంగతి. అది ఎంత ఘోరమైనదైనా తన ఆచూకీ తనే చెప్పుకుంటుంది. చంపనిది వస్తేనే అసలు చిక్కు. 2013 మార్చి చివర్లో చైనాలో హెచ్7ఎన్9 అనే కొత్త రకం ఫ్లూ బయటపడింది, ఎక్కడ బయటపడిందంటే ఆసుపత్రుల్లో, మనుషులకు తీవ్రమైన న్యుమోనియా వస్తే. తీరా చూస్తే వాళ్ళలో చాలామంది బతికున్న కోళ్ళు అమ్మే మార్కెట్లకు వెళ్ళొచ్చినవాళ్ళు. ఆ మార్కెట్లలో కోళ్ళు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. మామూలుగా కోళ్ళను చూసి మనుషులకు ప్రమాదం ఉందో లేదో చెప్పాలి, ఇక్కడ మనుషులను చూసి కోళ్ళలో వైరస్ ఉందని కనుక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాతి కొన్నేళ్ళలో 1,500 మందికి పైగా దాని బారిన పడ్డారు, 600 మందికి పైగా చనిపోయారు.

ఒకే జాతి వైరస్‌లో ఒక రకం షెడ్డుకు షెడ్డునే ఊడ్చేస్తుంది, ఇంకోటి చప్పుడు లేకుండా తిరుగుతుంది. ఎందుకంటే, ఫ్లూ వైరస్ కోడి కణంలోకి దూరాలంటే దాని మీదున్న హిమాగ్లుటినిన్ అనే ప్రోటీన్‌ను ఒకచోట కత్తిరించాలి (రకాల పేర్లలో హెచ్ అంటే ఇదే, ఎన్ అంటే న్యూరమినిడేజ్ అనే ఇంకో ప్రోటీన్). ఆ కత్తెర వైరస్ దగ్గర ఉండదు, కోడి ఒంట్లో ఉన్న ఎంజైములనే వాడుకోవాలి. సాధు రకాలకు పనికొచ్చే కత్తెర శ్వాసనాళంలోనూ పేగుల్లోనూ మాత్రమే దొరుకుతుంది కాబట్టి వైరస్ అక్కడికే పరిమితం. కానీ హెచ్5, హెచ్7 రకాల్లో అప్పుడప్పుడు ఆ కత్తిరించే చోట ఆర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు వరసగా చేరతాయి, అలా చేరితే ఫ్యూరిన్ అనే మరో ఎంజైమ్ దాన్ని కత్తిరించగలుగుతుంది. ఫ్యూరిన్ ఒళ్ళంతా ఉంటుంది, ఇక గుండె, మెదడు, కాలేయం దేన్నీ వదలదు. అందుకే ఇప్పుడు ల్యాబ్‌లో ఆ ఒక్కచోటి జన్యు అక్షరాలు చదివేసి, కోడి చచ్చిందా బతికిందా అని చూడకుండానే, ఇది ఏ బాపతు వైరసో చెప్పేస్తున్నారు.

సాధు రకమే కదా అని వదిలేస్తే ఏమవుతుందో అమెరికాలోని పెన్సిల్వేనియాలో తెలిసొచ్చింది. 1983 ఏప్రిల్‌లో అక్కడ హెచ్5ఎన్2 పెద్దగా హాని చేయని రూపంలో కనిపించింది. అక్టోబరుకల్లా అదే వైరస్ చిన్న జన్యు మార్పుతో ప్రాణాంతకంగా మారింది. దాన్ని ఆపేసరికి సుమారు 1.7 కోట్ల పక్షులు పోయాయి. హెచ్5, హెచ్7 కోళ్ళలో కనిపిస్తే అవి ఏమీ చేయకపోయినా అధికారులు వెంటబడేది ఇందుకే.

ఇక బాతులు సరేసరి, నివురుగప్పిన నిప్పు. కోళ్ళను రెండు రోజుల్లో చంపే హెచ్5ఎన్1 రకాల్లో కొన్ని బాతుల్లో ఏ లక్షణమూ చూపించవు, అవి హాయిగా ఈదుతూ నీళ్ళలోకి వైరస్‌ని వదులుతూ ఉంటాయి.

కాబట్టి బాగున్నవాటినే పట్టుకుని పరీక్షించాలి. ఎన్నిటిని? దీని జవాబు మొదటిసారి విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. షెడ్డులో 5 శాతం కోళ్ళకు సోకి ఉంటే, కనీసం ఒక్కదాన్నైనా పట్టుకునే అవకాశం 95 శాతం ఉండాలంటే 59 కోళ్ళు చాలు. షెడ్డులో 5 వేలున్నా 50 వేలున్నా ఆ 59 దాదాపు మారదు. సోకినవి ఒక్క శాతమే అయితే మాత్రం 299 కావాలి. అంటే ఎంత తొందరగా పట్టుకోవాలనుకుంటే అంత ఎక్కువ గుచ్చాలి, అంత ఖర్చు. చంపే రకం గురించి అనుమానమైతే దగ్గరి దారి ఒకటుంది: ఆరోగ్యంగా ఉన్న 59 కంటే ఆ రోజు చచ్చిన ఐదింటి గొంతులో స్వాబ్ పెట్టడమే నయం. ఐదు స్వాబులు ఒకే గొట్టంలో వేసి ఒకే పీసీఆర్ చేస్తారు, డబ్బు మిగులుతుంది.

పీసీఆర్ ఇప్పుడు వైరస్ ఉందా అని చెబుతుంది, రక్త పరీక్ష ఎప్పుడైనా వచ్చిపోయిందా అని చెబుతుంది, ఎందుకంటే యాంటీబాడీలు తయారవడానికి వారం పది రోజులు పడుతుంది. ఈ రక్త పరీక్షల్లో పాతదానికి మూలం 1941లో జార్జ్ హర్స్ట్ గమనించిన విషయం: ఫ్లూ వైరస్ కోడి ఎర్రరక్తకణాలను గుత్తులుగా అతికిస్తుంది. యాంటీబాడీలుంటే ఆ అతుకుడు ఆగిపోతుంది. కోళ్ళకొచ్చే మరో రోగం కొక్కెర తెగులు వైరస్‌కీ ఇదే గుణం ఉంది కాబట్టి దానికీ ఇదే పరీక్ష పనికొస్తుంది. కోడి రోగాన్ని పట్టుకోవడానికి కోడి రక్తమే, వైరస్ పెంచడానికి కోడిగుడ్డే!

టీకా వేస్తే గొడవ వదిలిపోతుందిగా అంటారా? గొడవ రూపం మారుతుంది. టీకా చావును ఆపినంత బాగా వైరస్ సోకడాన్ని ఆపకపోవచ్చు. కోళ్ళలో గడ్డలు తెచ్చే మారెక్స్ అనే మరో వైరస్ వ్యాధి టీకా అలాంటిదే, గడ్డలు రానివ్వదు గానీ వైరస్‌ని తిరగనిస్తుంది. టీకా వేసిన షెడ్డులో చావులుండవు, గుడ్లు తగ్గవు, రక్తంలో యాంటీబాడీలు ఎలాగూ ఉంటాయి, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు తయారవుతుంది. దీనికి రెండు ఉపాయాలున్నాయి. మొదటిది మోటు ఉపాయం: గుర్తు వేసిన కొన్ని కోళ్ళకు టీకా వేయకుండా మిగతావాటి మధ్యే వదిలేస్తారు, వైరస్ వస్తే ముందు చచ్చేవి అవే. పాపం అనిపిస్తుంది గానీ పనిచేస్తుంది. రెండోది ఇటలీలో 2000 తర్వాత బాగా వాడింది: అక్కడ తిరుగుతున్నది హెచ్7ఎన్1 అయితే హెచ్7ఎన్3తో చేసిన టీకా వేశారు. రక్షణ హెచ్7 వల్ల వస్తుంది, రక్తంలో ఎన్1 యాంటీబాడీలు దొరికాయంటే అవి టీకావి కావు, అసలు వైరస్‌వే.

ఇదంతా ఉన్నా దేశాలు ఒకదాన్నొకటి నమ్మవు. 2023 అక్టోబరులో ఫ్రాన్స్ తన బాతులకు టీకా వేయడం మొదలుపెట్టగానే అమెరికా అక్కడి కోడి, బాతు ఉత్పత్తుల దిగుమతులపై ఆంక్షలు పెట్టింది, టీకా మాటున వైరస్ వస్తుందేమోనని.

వైరస్ దొరికాక దాని జన్యుక్రమం మొత్తం చదివితే అది ఏ దారిన వచ్చిందో కూడా కొంత తెలుస్తుంది. రెండు ఫారాల్లో దొరికినవి దాదాపు ఒకటే అయితే మనుషులో లారీలో ట్రేలో మోసుకొచ్చి ఉంటాయి, బాగా వేరుగా ఉంటే ఎవరికి వారికి అడవి పక్షుల నుంచి వచ్చి ఉంటుంది. 2015లో అమెరికాలో సుమారు 5 కోట్ల పక్షులు పోయిన వ్యాప్తిలో ఫారం నుంచి ఫారానికి పాకడం ఎక్కువ, 2022లో మొదలైనదాంట్లో ఎక్కువ భాగం అడవి పక్షుల నుంచి విడివిడిగా వచ్చినవే. ఒకదానికి లారీల చక్రాలు కడగాలి, రెండోదానికి చెరువు దగ్గర వల కట్టాలి.

ఇన్ని చెప్పుకున్నా ల్యాబ్ దాకా శాంపిల్ రావాలంటే ముందు రైతు ఫోన్ చేయాలి, ఫోన్ చేస్తే షెడ్డు మొత్తం చంపేస్తారని అతనికి తెలుసు. పరిహారం రాదనుకుంటే మిగిలినవాటిని ఆ రాత్రికే లారీ ఎక్కించి అమ్మేస్తాడు, అతని స్థానంలో ఎవరున్నా అదే ఆలోచిస్తారు, వైరస్‌కి కావలసింది కూడా అదే. అందుకని అమెరికాలో పరిహారాన్ని తెలివిగా కట్టారు: అధికారులు చంపిన బతికున్న పక్షికి డబ్బిస్తారు, అప్పటికే చచ్చినదానికి ఇవ్వరు. మన లెక్కలోని ఐదో రోజునే ఫోన్ చేసిన రైతుకు 31 కోళ్ళ డబ్బు పోతుంది. మూడు రోజులు ఆగి చూద్దాంలే అనుకున్నవాడికి 255.